పిలుపు వినే చెవి

(ప్లాటినం జూబిలీ ప్రార్థనా సమావేశమున ప్రధానోపాధ్యాయురాలి ప్రసంగ పాఠము)



డెబ్బది అయిదేండ్లుగా ఈ పాఠశాలలో ప్రతి ఉదయం హాజరు పిలుస్తున్నాము. పేరు వినగానే పిల్లలు పలుకుతారు. నేడు మనం చదివిన వాక్యభాగం కూడ పేరుపెట్టి పిలిచిన ఒక పిలుపును గూర్చినదే.

సమూయేలు మొదటి గ్రంథము, మూడవ అధ్యాయము. షిలోహు మందిరంలో దీపం ఇంకను ఆరలేదు. నిద్రిస్తున్న బాలుడు సమూయేలును దేవుడు పిలిచాడు. వృద్ధ యాజకుడైన ఏలీ పిలిచాడనుకొని ఆ బాలుడు ముమ్మారు ఆయన యొద్దకు పరుగెత్తాడు. మూడవసారి ఏలీ గ్రహించాడు. ఎట్లు బదులు పలుకవలెనో నేర్పాడు. తరువాతి పిలుపులో బాలుడు విన్న సందేశం ఏలీ ఇంటికే విరోధమైనది. అయినను దానిని దాచక చెప్పుమని ఏలీయే అడిగాడు.

అందరూ సమూయేలును మెచ్చుకొంటారు. ఉపాధ్యాయురాలిగా నా చూపు ఏలీ మీద నిలుస్తుంది. ఆయన కన్నులు మసకబారినవి. కన్న కుమారులనే అదుపు చేయలేకపోయాడు. అయినను నిద్ర చెడగొట్టిన బాలుని కసరలేదు. తనకు వినబడని స్వరమును శిష్యుడు వినునట్లు చేశాడు.

దైవపిలుపు తరచుగా మనిషి గొంతుతోనే వస్తుంది. మనకు పొరుగుననున్న రాణిపేటలో 1870లో జన్మించిన ఐడా స్కడ్డర్ చరిత్ర ఇందుకు సాక్ష్యము. అస్వస్థురాలైన తల్లికి తోడుగా తిండివనం వచ్చిన ఆమె, అమెరికాకు తిరిగి వెళ్ళిపోవాలనే అనుకొన్నది. ఒక రాత్రి ముగ్గురు పురుషులు, ఒకరి తరువాత ఒకరు, ప్రసవవేదనలోనున్న తమ భార్యల కొరకు ఆమె సాయం కోరారు. ఆమె వైద్యురాలు కాదు. వైద్యుడైన ఆమె తండ్రిని రానిచ్చుటకు వారు ఒప్పుకొనలేదు. తెల్లవారుసరికి ముగ్గురు స్త్రీలూ మరణించారు. ఆ మూడు పిలుపులే ఆమెను వైద్యవిద్యకు పంపినవి. 1900లో ఆమె తిరిగి వచ్చింది. 1918లో వేలూరులో స్త్రీలకు వైద్య పాఠశాల వెలసింది. మన ఇండ్లలో ఎందరో ఆ ఆసుపత్రి మెట్లెక్కినవారే.

ఇక నా లోపమొకటి చెప్పుకొనవలెను. చాలా ఏండ్ల క్రిందట, మరొక బడిలో, తొమ్మిదవ తరగతి బాలిక రెండు రోజులు వరుసగా నా బల్లవద్దకు వచ్చి నిలిచింది. తనిఖీ కాగితాలలో మునిగియున్న నేను తరువాత రమ్మన్నాను. మూడవనాడు ఆమె బడికే రాలేదు. పెండ్లి నిశ్చయమైనదని చెప్పుకొనుటకే వచ్చినదని పిదప తెలిసింది. ఏలీ మూడవ మారైనను గ్రహించాడు. నాకు ఆ మూడవ మారు దక్కలేదు.

1960లో తిరుత్తణి ప్రాంతం చిత్తూరు జిల్లా నుండి మద్రాసు రాష్ట్రంలో చేరింది. సరిహద్దు మారినను ఇండ్లలో తెలుగు మారలేదు. రాష్ట్రభాషయైన తమిళమును మన పిల్లలు శ్రద్ధగా నేర్వవలసినదే. కాని భయం కలిగినప్పుడు బిడ్డ నోట వచ్చేది అమ్మ నేర్పిన మాటయే. దానిని వినే చెవి బడిలో ఒకటైనా ఉండవలెను. ఈ పాఠశాల నిలువవలెనని నేను కోరుటకు ఇదే మొదటి కారణము.

తల్లిదండ్రులారా, మీ బిడ్డ రెండవసారి పిలిచినప్పుడైనా చేతిలోని పని ప్రక్కన పెట్టండి. సహోపాధ్యాయులారా, బల్లవద్ద నిలిచిన బిడ్డను తరువాత రమ్మనకండి. పూర్వ విద్యార్థులారా, ఒకనాడు మీ మాట విన్న ఈ బడి నేడు మిమ్ము పిలుస్తున్నది, పలుకండి.

వినే హృదయమును దేవుడు మనకందరికీ అనుగ్రహించుగాక.