చివరి పురుగు వరకు
(శతవార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఆరోగ్య సేవలో దాతృత్వమంటే ఆసుపత్రి కట్టించుట, మందులు పంచుట అని మనము సాధారణముగా తలుస్తాము. మరి మందే లేని రోగమునకు దాత ఏమి చేయగలడు? దీనికి జవాబుగా జిమ్మీ కార్టర్‌గారి సేవను మీ ముందు ఉంచుతున్నాము.

ఆ రోగము నారికురుపు. మన రాష్ట్రపు పల్లెలలో వృద్ధులకు ఈ పేరు కొత్త కాదు. దిగుడుబావిలోనో కుంటలోనో ఉన్న సన్నని నీటిపురుగులతో కలిసి రోగబీజము కడుపులో చేరుతుంది. ఏడాది తరువాత మూరెడు పైబడిన పురుగు కాలిని చీల్చుకొని వస్తుంది. మంటకు ఓర్వలేక రోగి కాలు నీటిలో పెట్టగానే పురుగు తన పిల్లలను అందులో విడుస్తుంది. ఊరంతా మరల ఆ నీరే త్రాగుతుంది. దీనికి మందు లేదు, టీకా లేదు. పుల్లకు చుట్టి రోజుకు కొంచెముగా లాగవలసిందే.

కార్టర్‌గారు 1981లో అమెరికా అధ్యక్ష పదవి నుండి దిగి, మరు సంవత్సరము సతీమణి రోజలిన్‌గారితో కలిసి అట్లాంటాలో కార్టర్ సెంటర్‌ను స్థాపించారు. 1986లో ఈ పనికి పూనుకొనేనాటికి 21 దేశములలో ఏటా సుమారు 35 లక్షల మంది ఈ రోగముతో బాధపడుతున్నారు. 1988లో ఘనాలోని ఒక పల్లెలో ఒక యువతి బిడ్డను ఎత్తుకొని ఉన్నదనుకొని ఆయన దగ్గరకు వెళ్లారు. అది బిడ్డ కాదు, పురుగు వెలువడుతున్న ఆమె రొమ్ము. ఆ దృశ్యమును ఆయన జీవితాంతము మరువలేదు.

ఆయన పంచినది ముఖ్యముగా వడపోత గుడ్డ. దానితోపాటు కురుపు ఉన్నవారు నీటిలో దిగకుండా చూచుటకు ప్రతి ఊరిలోను ఊరివారికే శిక్షణ ఇప్పించారు. 1995లో సూడాన్‌లో యుద్ధము చేయుచున్న ఇరుపక్షములను ఒప్పించి దాదాపు ఆరు నెలలు తుపాకులు ఆపించారు. ఆ వ్యవధిలో ఆరోగ్య కార్యకర్తలు పల్లెలకు వెళ్లగలిగారు.

మన దేశము అంతకు ముందే, 1983-84లో, స్వంతముగా ఈ పని ఆరంభించింది. దిగుడుబావులను చేదబావులుగా మార్చారు. 1996లో రాజస్థాన్‌లో చివరి రోగి కనబడగా, 2000లో భారతదేశము ఈ రోగమునుండి విముక్తమైనదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరించింది.

తనకంటె ముందు చివరి పురుగు చావాలని కార్టర్‌గారు కోరుకొన్నారు. 2024లో లోకమంతటా నమోదైన రోగులు 15 మందే. ఆ సంవత్సరము డిసెంబరు 29న, నూరేండ్ల ప్రాయములో, ఆయన కన్నుమూశారు. కోరిక తీరలేదు. చాద్ దేశములో కుక్కలకు సైతము ఈ పురుగు సోకినందున పని మరింత కష్టమైనది.

35 లక్షలు 15కు తగ్గినవి గనుక చాలునని మనము అనవచ్చును. కాని ఒక్క రోగి ఒక్క కుంటలో కాలు పెడితే ఊరంతటికీ మరల అంటుకొంటుంది. ఆ మిగిలినవారు ఉన్నది దారి లేని చోట, యుద్ధము ఆగని చోట. అందుచేత మొదటి లక్షమందికంటె చివరి పదిమంది వద్దకు చేరుటయే కష్టము. చందాలు, చప్పట్లు అప్పటికి తగ్గిపోతాయి.

మనము నూరేండ్ల సేవను లెక్కించుకొనుచున్న ఈ వేళ, చేసినదానితోపాటు ఇంకను చేరని ఇండ్లను కూడ లెక్కించుకొందము.