గీయించిన బొమ్మ ఎవరిది?

ఆస్ట్రేలియాలోని క్లేటన్ రోడ్డులో ఎవరో కొత్తగా హోటలు పెడుతున్నారనుకోండి. మెనూ కార్డుకు బొమ్మలు కావాలి. సొంతంగా పనిచేసుకునే ఒక చిత్రకారిణి చేత గీయించారు, డబ్బిచ్చారు. మరి బొమ్మ మీద హక్కు ఎవరిది? డబ్బిచ్చినవారిదేనా? కాదండీ. ఆస్ట్రేలియా 1968 కాపీరైట్ చట్టం ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే, హక్కు గీసినవారిదే. నాకిది న్యాయమే అనిపిస్తుంది. హోటలుకు దక్కేది అనుకున్న పనికి వాడుకునే అనుమతి. అదే బొమ్మను టీషర్టుల మీద వేసి అమ్మాలంటే మళ్లీ అడగాలి.

ఒక మినహాయింపు ఉంది. అమ్మానాన్నల రూపచిత్రం డబ్బిచ్చి గీయిస్తే, మామూలుగా హక్కు గీయించుకున్నవారిదే.

అందుకే పెన్సిలు పట్టకముందే కాగితం మీద రాసుకోండి. బొమ్మ ఎక్కడ వాడతారు? ఎన్నాళ్లు? మార్పులు ఎన్నిసార్లు? డబ్బు ఎప్పుడు? గీసినవారి పేరు ఎక్కడ వేస్తారు? ఇద్దరూ సంతకం పెట్టాకే పని మొదలుపెట్టండి.