పాతబట్టకు కొత్తకుట్టు
(పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



బాటలు, మంచినీరు, వీధిదీపములు, పన్నుల వసూలు మున్నగు విషయములను గూర్చి మీతో మాటలాడువారు పెక్కురు కలరు. నేడు మేము ప్రస్తావింపదలచినది వానికంటె చాల చిన్న విషయము. పెట్టె అడుగున పడియున్న పాతచీరను, సంతలో చవుకగా కొన్న పాతచొక్కాను కుట్లు విప్పి, కత్తిరించి, మరల కుట్టి, కట్టుకొనదగిన మరియొక వస్త్రముగా మార్చుకొను వినోదమును గూర్చి చెప్పదలచితిమి. వినోద మనియే అనుచున్నాము గాని వృత్తి యని అనుట లేదు. ఈ మాట నెందుకు పట్టి పలుకుచున్నామో మున్ముందు తెలియగలదు.

“ఒకరు విడిచిన బట్టను మేమేల కట్టవలెను?” అను ప్రశ్న మొట్టమొదట వచ్చును. ఇది న్యాయమైన ప్రశ్న. నవ్వి త్రోసివేయదగినది కాదు. మన పల్లెలలో విడిచిన బట్ట నిచ్చుట, పుచ్చుకొనుట సమానుల మధ్య జరిగినది అరుదు. ఇచ్చువాడు అరుగుపై నుండెను. పుచ్చుకొనువాడు వాకిట నుండెను. పండుగపూట చిరిగిన చొక్కాను విసరిన చేతిని, దానిని అందుకొనిన కుటుంబము రెండు తరములైనను మరచిపోదు. కావున పాతబట్ట యనగానే ముఖము చిట్లించువారిని తెలియనివారని అనుకొనరాదు. వారికి తెలిసినందుననే చిట్లించుచున్నారు.

అయినను అదే పాతబట్టకు మన యిండ్లలో మరియొక స్థానము కలదు. పురిటింట బిడ్డను తొలుత చుట్టునది పాత నూలుబట్టయే. అమ్మమ్మ కట్టి కట్టి, ఉతికి ఉతికి, వెన్నవలె మెత్తబడిన చీర ఆ లేత ఒంటికి ఒరుసుకొనదు. ఆ చీరయే దూలమునకు ఉయ్యాల యగును. మరికొంత కాలమునకు నాలుగు మడతలుగా పరచి దారపుకుట్టు వేసినచో బొంత యగును. ఆ బొంతపై పండుకొనుటకు ఎవ్వరును చిన్నతన పడరు. ఆ బట్టను ఒక చేయి ఉతికినది, ఎండ వేసినది, సరిచూచినది, కుట్టినది. విసరిన బట్టకును ఇచ్చిన బట్టకును గల భేద మంతయు ఆ చేతిలోనే యున్నది.

ఈ భేదము దేశమునకు ఒకసారి పెద్దయెత్తున కనబడినది. 2004 డిసెంబరు 26వ తేదీ సునామీలో మన కోస్తా తీరమును దెబ్బతినినది; తమిళనాడు తీరము మరింత నష్టపడినది. దయగలవారు నలుదిక్కుల నుండి లారీల కొలది పాతబట్టలు పంపిరి. వానిలో ఎంతయో భాగము బాటల ప్రక్కన కుప్పలుగా పడియుండి ఎండకు ఎండినది. సర్వస్వము పోగొట్టుకొనిన వారు కూడ ఆ కుప్పలలో చేయి పెట్టుటకు ఇష్టపడలేదు. ఢిల్లీలో 1999లో ఏర్పడిన గూంజ్ అను సంస్థ అట్లు విడువబడిన బట్టలను ఏరి, వేరుపరచి, పనికివచ్చునట్లు చేయు పనికి పూనుకొనినది. ఆ సంస్థ పల్లెలలో బట్టలను భిక్షగా నీయదు. ఊరివారు కూడి బావియో బాటయో బాగుచేసికొనినప్పుడు ఆ శ్రమకు మారుగా ఇచ్చును. దాని స్థాపకుడు అంశు గుప్తాకు 2015లో రామన్ మెగసెసే పురస్కారము లభించినది.

ఇక పనిలోనికి వత్తము. పాతబట్ట ఎచ్చట దొరకును? మొదటిచోటు మన పెట్టెయే. రెండవది సంత. హైదరాబాదులో పురానాపూల్ సమీపమున గురువారము జరుగు జుమేరాత్ బజారువంటి చోట్ల పాతసామానుతోపాటు పాతబట్టలును కుప్పలుపోసి అమ్ముదురు. వీధిలో స్టీలుగిన్నెల బుట్టతో వచ్చి, గంటసేపు బేరమాడి, నాలుగు చీరలకు ఒక గిన్నె నిచ్చిపోవు వ్యాపారులు పట్టుకొనిపోయిన బట్టలును బాగుపడి చివరకు ఇట్టి అంగళ్ళకే చేరును. ఆ బేరములో గెలిచితి మనుకొనని గృహిణిని మేము చూడలేదు!

కుప్ప ముందు కూర్చున్నవారు రంగును చూచి మోసపోరాదు. బట్టను సూర్యునికి ఎదురుగా పట్టి చూడవలెను. పలుచబడిన చోట్ల వెలుగు జల్లెడలో నుండి వచ్చినట్లు వచ్చును. చొక్కాకు మెడపట్టీ, చంకలు, మోచేతులు ముందుగా పోవును. పంట్లామునకు కూర్చుండుచోటు, మోకాళ్ళు పోవును. మోకాలికి దిగువ భాగము మాత్రము తరచుగా కొత్తదివలె నుండును. పడుగు వైపునను, పేక వైపునను పట్టి లాగి చూడుడు. చిటచిట యను చప్పుడు వినవచ్చినచో దానిని అచ్చటనే విడువుడు. కొలతలో పెద్దదానినే ఎన్నుకొనవలెను. పెద్దదానిని చిన్నది చేయవచ్చును గాని చిన్నదానిని పెద్దది చేయుట అతుకుల మీది పని.

నూలో, కృత్రిమపు నేతో తెలియనిచో అంచున ఒక పోగు లాగి నిప్పుకు చూపుడు. నూలుపోగు కాగితము కాలిన వాసనతో కాలి మెత్తని బూడిద యగును. పట్టుపోగు వెండ్రుకలు కాలిన వాసన నిచ్చును. పాలియెస్టరు పోగు కరగి, చల్లారిన పిదప గట్టి పూసవలె నిలుచును. కొన్న బట్టను ఇంటికి తెచ్చిన వెంటనే వేడినీట నానవేసి, సబ్బుతో ఉతికి, మండుటెండలో ఆరవేయవలెను. అటుపిమ్మటనే కత్తెర తాకవలెను. పాతబట్టలో ఒక గొప్ప సౌకర్యము కలదు: అది క్రుంగవలసినంత క్రుంగినది, రంగు విడువవలసినంత విడిచినది. దానికి కొత్తబట్ట నేదైన అతుకుచో కొత్తదానిని ముందుగా తడిపి ఆరవేయవలెను. లేనిచో మొదటి ఉతుకునకే కొత్తముక్క క్రుంగి, కుట్టు పొడవునను ముడుతలు తేలును.

ఈ పరీక్షలను మేము పుస్తకములో చదివి నేర్చుకొనలేదు. మా యింట మా తల్లిగారి పెండ్లినాటి పట్టుచీర యొకటి ఏండ్ల తరబడి ఒకే మడతలో పెట్టెలో నుండినది. ఇంటి ఆడపిల్లకు దానితో లంగా కుట్టవలెనని తొందరపడితిమి. వెలుగునకు పట్టి చూడలేదు, లాగి చూడలేదు. జరీ మెరుపే చూచితిమి. లంగా చక్కగా కుదిరినది. పిల్ల దానిని కట్టుకొని గుడిమెట్లెక్కుచుండగా మడత పడిన ప్రతిచోటను పట్టు నిలువున పగిలినది. పిల్ల ఏడ్చినది, మా తల్లిగారు ఏమియు అనలేదు. అనియున్నచో బాగుండెడిది. ఆ చీర అంచులు మాత్రము గట్టిగా నుండినవి. వానిని విప్పి నూలు లంగాకు అంచుగా వేసి యున్నచో సరిపోయెడిది. పట్టుచీర నెన్నడును ఒకే మడతలో నుంచరాదని, అప్పుడప్పుడు మడత మార్చవలెనని అందరును చెప్పుదురు. మేమును చెప్పుచునే యుంటిమి.

క్రొత్తగా పని మొదలిడువారు పురుషుల పాతచొక్కాతో ప్రారంభించుట మేలు. దానితో మూడు నాలుగేండ్ల పిల్లకు గౌను వచ్చును. మెడపట్టీని, చేతులను కుట్టు విప్పి తీయవలెను. విప్పుటకు ఉపాయ మొకటి కలదు. ఒక ప్రక్కన నాలుగేసి కుట్లకు ఒకదానిని బ్లేడుతో తెంపుచుపోయి, రెండవ ప్రక్కన దారమును లాగినచో బట్ట గాయపడక ఊడివచ్చును. పిమ్మట చొక్కాను త్రిప్పవలెను: గుండీలున్న ముందుభాగము గౌనునకు వెనుకభాగ మగును. చొక్కా వీపు ఒకే వెడల్పు ముక్క గనుక గౌనునకు ముందుభాగ మగును. చేతిపనిలో కాజాలు వేయుట అన్నిటికంటె కష్టము. అవి వేసియే యున్నవి. చొక్కాచేతులు చిన్నచేతులుగానో, క్రింద కుచ్చుగానో మారును.

ఇచ్చట జేబు ఒక చిక్కు తెచ్చును. జేబు పిల్ల వీపునకు వచ్చును గనుక తీయక తప్పదు. తీసినచో దాని క్రింద ఎండ తగులని బట్ట పాతరంగుతోనే యుండి, నల్లని చదరముగా కనబడును. ఎంత ఉతికినను పోదు. దానిపై రంగుగుడ్డతో పువ్వో, చిలుకో కత్తిరించి అతికినచో చూచువారికి అది కావలెనని పెట్టిన అందము. మా అభిప్రాయమున ఈ వినోదములోని రుచి యంతయు ఇట్టి చోట్లనే యున్నది. కొత్తబట్ట మనము చెప్పినట్లు వినును. పాతబట్ట తన మాటయు చెప్పును.

దుప్పటి నడుమ చివికి అంచులు గట్టిగా నున్నప్పుడు నడుమకు నిలువుగా చీల్చి, రెండు గట్టి అంచులను నడుమకు తెచ్చి కుట్టి, చివికిన వైపులను మడిచి కుట్టినచో మరికొన్ని ఏండ్లు వచ్చును. అరిగిన కాలరును విప్పి, తిరగవేసి, మరల కుట్టవచ్చును. పంట్లాము కాళ్ళతో సంచి యగును. ఇవి పాతకాలపు ఇల్లాండ్రకు తెలియని సంగతులు కావు. 1943లో మన దేశమున బట్టకు కంట్రోలు వచ్చినది. ఆ యేటనే ఇంగ్లండు ప్రభుత్వము, ఉన్నబట్టను బాగుచేసికొని వాడుకొనుడని ప్రజలకు చిన్నపుస్తకము నచ్చువేయించి పంచినది. అచ్చట బట్టల రేషను 1941 నుండి 1949 వరకు నడచినది. ఆనాడు లేమి చేయించినది. నేడు బట్టకు కొదువ లేదు. కొదువ యంతయు దానిని చేతిలోనికి తీసికొని చూచు తీరిక కున్నది.

నేటి పంచాయతీలకు దీనితో పని లేదనరాదు. పూర్వపు నూలుచీర చినిగి చినిగి మసిగుడ్డయై, చివరకు మట్టిలో కలిసెడిది. పాలియెస్టరు చీర కలియదు. మురుగుకాలువకు అడ్డుపడి తూముల వద్ద చిక్కును. కాల్చినచో కరగి దుర్గంధపు పొగ నిచ్చును. వానకాలమున తూము నుండి లాగబడు చీరలను మీ పారిశుద్ధ్య కార్మికులు మాకంటె బాగుగ లెక్కపెట్టి చెప్పగలరు.

ఇక మేము మొదట దాచిన మాట. పాతబట్ట కుట్టుట వినోదమని ఏల అంటిమి? ఊరి దర్జీ నడుగుడు. పాతచొక్కాను చిన్నది చేయుమనిన అతడు ముఖము ప్రక్కకు త్రిప్పును. అతని తప్పు లేదు. కొత్తరవిక కుట్టు కాలము పాతదానిని విప్పుటకే చాలదు. ఆ విప్పినదానికి కూలి యెవరు నీయరు. కావున ఈ పని కూలిలెక్కకు నిలువదు. తీరికలోనే, ఇష్టముతోనే నిలుచును. పంచాయతీ దీనిని ఉపాధి పథకముగా మార్చి, నెలకిన్ని గౌనులని లక్ష్యము పెట్టినచో స్త్రీలు మూడవ వారమునకే పాతబట్టను మూలబెట్టి కొత్తరవికలు కుట్టుటకు దిగుదురు. అదియు మంచిపనియే, కాని వేరుపని. దర్జీకి పోటీయు నగును.

మరి పంచాయతీ చేయదగిన దేమి? 1992లో ఆమోదింపబడి 1993లో అమలునకు వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ, పంచాయతీలకు అప్పగింపదగినవిగా 29 విషయములను పేర్కొనినది. వానిలో కుటీర పరిశ్రమలును, సాంస్కృతిక కార్యక్రమములును, స్త్రీ శిశు సంక్షేమమును కలవు. వినోదపు కుట్టు వీనిలో దేనిక్రిందికి వచ్చునని మీ కార్యదర్శి అడుగవచ్చును. ఆ చర్చను మీకే విడిచితిమి. కావలసినది కొంచెమే. ఉత్తరపు వెలుగు వచ్చు కిటికీ గల గది, బట్ట పరచుటకు పొడవైన బల్ల, త్రొక్కుడు మిషను ఒకటి, మంచి కత్తెర రెండు, వారమునకు ఒక మధ్యాహ్నము. గోడకు ఒక చెక్కపెట్టె పెట్టి, ఊడదీసిన గుండీలు, హుక్కులు, జిప్పులు అందులో వేయుమనుడు. పురుషులును రావచ్చును. సూది పట్టుట నామోషీ యను పురుషునికి మన దర్జీలలో ఎందరు పురుషులో గుర్తుచేయుడు.

ఒక నియమము మాత్రము తప్పక పెట్టుడు. అచ్చట తయారైన వస్త్రమును, ఇది ఫలానా ఇంటివారి పాతచీర యని ఎవ్వరును చెప్పరాదు. కుట్టిన చేతి పేరు చెప్పవచ్చును.

గది తాళము వేయువారు మరియొక పని చేయవలెను. కూర్చున్నప్పుడు ఎన్ని సూదులు తీసియిచ్చిరో లేచునప్పుడు అన్నియు లెక్కపెట్టి డబ్బీలో వేయవలెను. ఒక్కటి తక్కువైనను చాప దులిపి, నేల తడిమి, దొరకువరకు ఎవరిని కదలనీయరాదు. మరునాటి ఉదయము ఆ గదిలో పసిపిల్లలు ప్రాకుదురు.