కంటి శుక్లము - ధ్వనితరంగ చికిత్స



ఒకనాటి సంధ్యవేళ మా వీథియరుగుపై గూర్చుండి, ఎదుట వచ్చుచున్న నా పూర్వశిష్యుని జూచి, వాని తండ్రి యనుకొని పేరు పెట్టి పిలిచితిని. ఆ తండ్రి గతించి పదియేండ్లైనది. వాడేమియు ననక నా చేయి పట్టుకొని ప్రక్కన గూర్చుండెను. నా కన్నులలో శుక్లము లేర్పడినవని నే నొప్పుకొనినది యానాడే.

అయినను వెంటనే వైద్యునికడ కేగలేదు. శుక్లము బాగుగా ముదిరిన పిమ్మటనే తీయింపవలెనని మన యిండ్లలో నొక మాట కలదు గదా! మా మేనత్తయు నటులే వేచియుండెను. ముదిరిన శుక్లము లోపల నుబ్బి, కంటిలోని యొత్తిడి పెరిగి, యొక రాత్రి తలనొప్పియు వాంతులును బట్టుకొనెను. పైత్యమని శొంఠికషాయ మిచ్చితిమి. పట్టణమునకు జేర్చునప్పటికి దృష్టినాడి చెడిపోయినది. ఆమె కా కంట మరల వెలుగు రాలేదు. ఆ కషాయము కాచినవాడను నేనే.

తుదకు నేను వెళ్లగా వైద్యుడు విషయమును జక్కగా బోధించెను. నల్లగ్రుడ్డు వెనుక, పలుచని సంచిలో, పారదర్శకమగు కటకముండును. అది మసకబారుటయే శుక్లము. సుశ్రుతుడు శలాకతో దానిని ప్రక్కకు దొలగించు విధమును జెప్పెను. 1747 లో ఫ్రాన్సు దేశీయుడగు దావియేలు కంటిని గోసి వెలికి దీసెను. ఆ పద్ధతియందు కోత పెద్దది; పచ్చి కటకము పూర్తిగా వెడలి రాదు గనుక, ముదురువరకు వేచుట కొకప్పుడు కారణమున్నది.

1967 లో న్యూయార్కునందు చార్లెసు కెల్మను అను వైద్యుడు మార్గమును మార్చెను. దంతవైద్యుడు పండ్లగార తీయుటకు వాడు కంపనసాధనమును జూడగా నతని కీ యూహ పుట్టెను. సూదివంటి గొట్టము కొన సెకనునకు సుమారు 40,000 మారులు కంపించును; మన చెవి కా ధ్వని వినబడదు. కటకము నుగ్గై, యా గొట్టముననే వెలుపలికి బీల్చబడును. గాయము మూడు మిల్లీమీటర్ల లోపు. కుట్టు సాధారణముగ నక్కరలేదు. మిగిలిన సంచిలో మడచిన కృత్రిమకటకమును జొప్పింపగా నది లోన విచ్చుకొనును. కృత్రిమకటకమును మొదట కంట నమర్చినవాడు 1949 లో లండనునందు హెరాల్డు రిడ్లీ.

ఈ చికిత్సయందు ముదురుట మేలు గాదు, కీడు. రాయివలె గట్టిపడిన కటకమును బగులగొట్ట నెక్కువ శక్తి కావలెను. దానివలన కంటిముందరి స్వచ్ఛపటలమునకు హాని కలుగవచ్చును. అట్టివారికి ధ్వనితరంగములు లేకయే చిన్నకోతతో జేయుటయు మన దేశమున కలదు.

నాకు చుక్కలమందుతోనే కన్ను మొద్దుబారెను. మెలకువగనే యుంటిని. పావుగంటలో ముగిసెను. మరునాడు కట్టు విప్పి చూతును గదా, కుడికంటికి నా పంచె మల్లెవలె దెల్లగా నున్నది. ఎడమకంటికి అదే పంచె పసుపునీట ముంచినట్లున్నది. సరిగా నుదుకలేదని యిన్నాళ్ళును మా గృహిణిని గోపించుచుంటిని! ఆమె ఇప్పుడు నవ్వుచున్నది, నేను మాఱుపలుకలేదు.

ఎడమకంటికి కార్తికమాసమున చేయించుకొందునని వైద్యునకు మాట యిచ్చి వచ్చితిని.