చిత్రకళలో పై చదువులు: కృతిసంపుటి సిద్ధం చేసుకొనే విధం
(పాఠశాల ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కన్నడ రాష్ట్రంలో, తమిళం వీధి భాషగా వినిపించే గనుల ఊళ్ళో, ఒక తెలుగు బడి డెబ్బై అయిదేళ్ళు నిలిచి ఉండడం సామాన్య విషయం కాదు. ఆ చరిత్రను పెద్దలు ఇదివరకే చెప్పారు. నిర్వాహకులు నాకు అప్పగించిన అంశం వేరు. చిత్రకళలో డిగ్రీ ముగించిన మన పిల్లలు ఎం.ఎఫ్.ఏ., ఎం.వి.ఏ., ఎం.డెస్. వంటి పై చదువులకు దరఖాస్తు చేసేటప్పుడు పంపవలసిన డిజిటల్ పోర్ట్‌ఫోలియో గురించి మాట్లాడమన్నారు. పోర్ట్‌ఫోలియో అనే మాటకు నేను కృతిసంపుటి అని వాడుకొంటాను. అభ్యర్థి తన పనిలో నుండి ఏరి, వరుస కూర్చి, వివరాలు రాసి, కంప్యూటరు ద్వారా పంపే చిత్రాల కట్ట అది.

బొమ్మలు చూపించి చదువు సంపాదించుకోవడం మన వారికి కొత్త కాదు. 1897లో రాజమహేంద్రవరంలో జన్మించిన దామెర్ల రామారావు గీసిన బొమ్మలు అక్కడి కళాశాల ప్రిన్సిపాలు ఆస్వాల్డ్ కూల్డ్రే దొర కంటబడ్డాయి. ఆయన ప్రోత్సాహంతోనే రామారావు బొంబాయి జె.జె. కళాశాలలో చదువుకొన్నారు. 1925లో, ఇరవై ఎనిమిదేళ్ళు నిండక మునుపే మశూచి ఆయనను తీసుకొనిపోయింది గాని, ఆ కొద్ది సంవత్సరాల పని ఆంధ్ర చిత్రకళకు దారి వేసింది. ఆనాడు ఒక కట్ట కాగితాలు, వాటిని గుర్తించే ఒక కన్ను చాలాయి. తరువాతి కాలంలో, 1990లలో కూడా, విదేశాలకు దరఖాస్తు చేసేవారు తమ చిత్రాలను 35 మి.మీ. స్లైడులుగా తీయించి, ప్లాస్టిక్ అరల్లో దూర్చి, రిజిస్టర్డు తపాలాలో పంపేవారు. నేడు అనేక సంస్థలలో తొలి వడపోత కంప్యూటరు తెర మీదనే జరిగిపోతున్నది. కాగితం స్పర్శ, రంగు మందం, ఎదురుగా నిలబడిన పిల్లవాని ముఖం, ఇవేవీ పరీక్షకులకు తెలియవు. వారి ముందుండేది పదో ఇరవయ్యో చిత్రాలు, ఒక పుట వివరణ. అందువల్ల ఆ కట్టను కూర్చడంలో జాగ్రత్త తప్పితే మంచి చిత్రకారుడు కూడా వెనుకబడిపోతాడు. మన ఊరి పిల్లల విషయంలో నాకు కలిగే చింత ఇదే.

మన పిల్లలు సంపుటిలో తరచుగా తమ ఊరిని దాచివేస్తారు. రాజా రవివర్మ చిత్రానికి నకలు, సినిమా నటుని ముఖం, ఎక్కడో చూసిన మంచుకొండ, ఇంటర్నెట్టులో దొరికిన పులి కన్ను, వీటిని ఎంతో శ్రమపడి, ఎంతో నేర్పుగా వేసి పెడతారు. చేయి తిరిగినదన్న సంగతి పరీక్షకులు మొదటి బొమ్మతోనే గ్రహిస్తారు. రెండో బొమ్మ నుండి వారు వెతికేది వేరు. ఈ అభ్యర్థి దేనిని చూశాడు? ఎంత కాలం చూశాడు? చూసినదాన్ని ఏం చేశాడు? రెండేళ్ళు మా దగ్గర ఉంటే ఇతని పని ఎటు పోగలదు? పై చదువులకు చేర్చుకొనేవారి ప్రశ్నలు ఇవి. నకలు బొమ్మ ఎంత బాగున్నా వీటికి సమాధానం చెప్పలేదు.

కొందరు ఊరిని దాచరు, సినిమా చూసినట్లు చూస్తారు. 2018లోను, 2022లోను వచ్చిన రెండు చలనచిత్రాల వల్ల కె.జి.ఎఫ్. అనే మూడక్షరాలు దేశమంతటా తెలిశాయి. వాటిలో కొంత చిత్రీకరణ ఇక్కడి సయనైడు దిబ్బల మీదనే జరిగింది. ఆ నల్లని ధూళి, ఆ తుపాకులు, ఆ ఎర్రని ఆకాశం మన పిల్లల చిత్రాల్లోకి కూడా వచ్చేశాయి. కాని ఆ దిబ్బలు నల్లనివా? ఇంటి వాకిట నిలబడి చూసినవారికి తెలుసు, అవి పాలిపోయిన బూడిద వన్నె కలవి. ఎండ కాస్తే తెల్లగా మెరుస్తాయి. వాన వెలిస్తే వాటి ఒడలి మీద నీరు కోసిన చారలు కనిపిస్తాయి. గాలి కాలంలో ఆ పొడి ఇళ్ళలోకి వచ్చి అన్నం కంచం దాకా చేరుతుంది. 1880లో జాన్ టేలర్ కంపెనీ పని మొదలుపెట్టినప్పటి నుండి 2001 ఫిబ్రవరి 28న గనులు మూతబడే వరకు, మన తాత తండ్రులు భూమి లోపలి నుండి పైకి తెచ్చిన రాయి అది. చాంపియన్ రీఫ్‌లో మూడు కిలోమీటర్లకు పైగా లోతుకు దిగి తెచ్చిన రాయి. దానిని ఒక పిల్లవాడు పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం, వానలో, ఎండలో నలభై సార్లు గీస్తే ఆ నలభై కాగితాల నుండి ఒక సంపుటి పుడుతుంది. మూసివేసిన షాఫ్టుల దగ్గరికి, కంచె వేసిన చోట్లకు పోవలసిన పని లేదు, పోకూడదు కూడా. దూరం నుండి కనిపించేదే కావలసినంత ఉన్నది.

గని లేని ఇంటి పిల్లల మాట ఏమిటని అడగవచ్చు. కోలారు జిల్లా అంతా గనులే కాదు గదా. శ్రీనివాసపురం వైపు పల్లెలో పట్టుపురుగులు మేపే ఇంటి అమ్మాయి ఒకతె ఉన్నదనుకొందాం. ఆమె బెంగళూరు చిత్రకళా పరిషత్తులోనో, మైసూరు కావాలోనో డిగ్రీ చదివి, బరోడాకో, శాంతినికేతనానికో, హైదరాబాదు విశ్వవిద్యాలయానికో దరఖాస్తు చేయదలచింది. వాళ్ళ ఇంట్లో చంద్రికలున్నాయి. వెదురు దబ్బలతో అల్లిన ఆ వెడల్పాటి తట్టలో సుడులుగా తిరిగిన గోడల మధ్య పురుగులు గూళ్ళు కట్టుకొంటాయి. ఆ సుడి ఎంత అందమైన రేఖ! ఆమె దాన్ని చిన్నప్పటి నుండి చూస్తున్నది గనుక ఆమెకది బొమ్మగా తోచదు. మొదట పెన్సిలుతో గీయాలి. తరువాత ఆ సుడిని మాత్రమే తీసుకొని కొయ్య మీద చెక్కి ముద్రలు తీయాలి. ఆ తరువాత పురుగులు మేత మేసే చప్పుడు, తల్లి రాత్రివేళ లేచి ఆకు వేయడం, గూళ్ళు సంతకు పోయాక ఖాళీ అయిన తట్ట, ఒకటి నుండి మరొకటి పుట్టుకొస్తాయి. సంపుటిలో ఆ వరుస కనబడాలి. సగంలో విఫలమైన ముద్ర ఒకటి కూడా ఉండవచ్చు, దాని పక్కన తరువాతి ప్రయత్నం ఉంటే.

దీనికి పెద్దల దృష్టాంతం ఉన్నది. మెదకు జిల్లా నిజాంపూరులో పుట్టిన లక్ష్మా గౌడ్ హైదరాబాదులో చదువుకొని, 1963 నుండి 1965 వరకు బరోడాలో కె.జి. సుబ్రహ్మణ్యన్ వంటి గురువుల దగ్గర కుడ్యచిత్రణ, ముద్రణకళ అభ్యసించారు. బరోడా వెళ్ళి ఆయన బరోడా బొమ్మలు వేయలేదు. నిజాంపూరు మేకలు, చెట్లు, ఆడామగా ఆ రేఖల్లోకి దిగివచ్చారు. తోట వైకుంఠం కూడా బరోడాలో చదివినవారే, ఆయన కుంచె కరీంనగరు జిల్లా బూరుగుపల్లి ఆడవారిని వదలలేదు. పై చదువు వారికి సాధనాలిచ్చింది. చూడవలసినది వారి వెంటనే వెళ్ళింది.

ఏరడం గురించి ఒక మాట. టన్ను రాయిని పొడిచేస్తే కొన్ని గ్రాముల బంగారం వచ్చేదని ఈ సభలో ఎవరికీ చెప్పనక్కరలేదు. వంద బొమ్మలు వేసినవాడు వంద పంపకూడదు. అడిగిన సంఖ్య పదిహేనైతే, పన్నెండే బాగున్నాయని తోస్తే పన్నెండు చాలు. కనీస సంఖ్య విధించి ఉంటే అది వేరు. బలహీనమైన మూడు బొమ్మలు తక్కినవాటిని కూడా కిందికి లాగుతాయి. ఏరేటప్పుడు ఇంట్లోవారిని కాక, మొహమాటం లేని ఒక గురువును అడగడం మేలు. ఇంట్లో వారికి అన్నీ బాగుంటాయి.

ఇక ఫోటోలు. ఇక్కడ నేను కొంత తీరికగా చెబుతాను, ఎందుకంటే డబ్బు లేక కాదు, తెలియక చెడిపోయే చోటు ఇదే. స్టూడియో అక్కరలేదు, ఖరీదైన కెమెరా అక్కరలేదు. మంచి ఫోను చాలు. నేరుగా ఎండ పడని వసారాలో, ఉత్తరపు వెలుతురులో, చిత్రాన్ని గోడకు నిలువుగా ఆనించాలి. అద్దం కట్టి ఉంటే తీసివేయాలి. ఫ్లాష్ వేయరాదు, వేస్తే పెన్సిలు గీతలు మెరిసి మాయమవుతాయి. ఫోను చిత్రం నడిమికి సరిగ్గా ఎదురుగా ఉండాలి. పైనుండి వంచి తీస్తే చతురస్రం తట్టలాగా పక్కకు ఒరుగుతుంది. మరీ దగ్గరికి పోతే అంచులు ఉబ్బుతాయి గనుక, రెండడుగులు వెనక్కు జరిగి జూమ్ కొద్దిగా వాడడం మంచిది. పక్కన ఒక తెల్లకాగితం ముక్క పెట్టి తీస్తే రంగు సరిచూసుకోవచ్చు, తరువాత దాన్ని కత్తిరించివేయవచ్చు. ఫోనులు రంగులను తమంతట తామే ముదురు చేస్తాయి. మన ఎర్రమట్టి రంగు వాటి చేతిలో నారింజ పండవుతుంది. తెల్లని దిబ్బను చూస్తే అవి భయపడి మసక చేస్తాయి, అక్కడ వెలుతురు కొద్దిగా పెంచుకోవాలి. ఫిల్టర్లు వద్దు. అసలు చిత్రాన్ని పక్కన పెట్టుకొని, తెర మీది రంగు దానితో పోల్చి చూసేదాకా ఆ ఫోటో ముగిసినట్లు కాదు.

చిన్న రేఖాచిత్రాలను, స్కెచ్ పుస్తకం పుటలను స్కానరు మీద 300 డి.పి.ఐ.లో తీయవచ్చు. శిల్పమైతే వెనుక సాదా గుడ్డ కట్టి, ఒక పక్క నుండి వెలుతురు పడనిచ్చి, మూడు కోణాల్లో తీయాలి. ప్రతి కృతికి పేరు, మాధ్యమం, సెంటీమీటర్లలో కొలత, సంవత్సరం రాయాలి. కొలత రాయకపోతే తెర మీద అరచేతి బొమ్మ, గోడంత బొమ్మ ఒక్కటే. అసలు ఫైలును ముట్టకుండా రెండు చోట్ల దాచి, దిద్దుబాట్లు నకలు మీదనే చేయాలి. పంపే ఫైలు ఎన్ని పిక్సెళ్ళు, ఎన్ని ఎం.బి., జె.పి.జి.నా పి.డి.ఎఫ్.నా అన్నది ఆయా సంస్థలు చెబుతాయి. ప్రవేశ పద్ధతులు ఏటేటా మారుతుంటాయి. ఒకచోట రాత పరీక్ష, ఒకచోట ఇంటర్వ్యూ, ఎం.డెస్.కైతే బొంబాయి ఐ.ఐ.టి. నిర్వహించే సీడ్ పరీక్ష. నిరుటి అభ్యర్థి మాట నమ్మక ఈ ఏటి ప్రకటన చదవాలి. కృత్రిమ మేధతో చేయించిన బొమ్మను తన చేతి పనిగా పంపరాదని వేరే చెప్పాలా? దాన్ని సాధనంగా వాడి ఉంటే, ఆ సంస్థ నియమం చూసి, వాడిన సంగతి రాయాలి.

వివరణ పుట దగ్గర మన బడి పిల్లలు ఆగిపోతారు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, కచేరీలో కన్నడం, దరఖాస్తులో ఇంగ్లీషు! నా సలహా ఒకటే. మొదట ఇంటి తెలుగులోనే రాయండి, కోలారు తెలుగులోనే. ఏం చూశాను, దేనితో చేశాను, ఎక్కడ చిక్కుపడ్డాను, మీ దగ్గర ఏం నేర్చుకోదలచాను, ఈ నాలుగూ వస్తే చాలు. ఆ తరువాత ఇంగ్లీషు తెలిసిన గురువు సాయంతో మార్చుకోండి. 'చంద్రిక' అన్న మాటను అలాగే ఉంచి, ఒక వాక్యంలో అదేమిటో చెప్పండి. 'బాల్యం నుండి కళయే నా ప్రాణం' అన్న వాక్యంతో మొదలుపెట్టే వివరణలు ఎన్ని చదివినా ఎవరు రాశారో గుర్తుండదు.

తల్లిదండ్రులు నన్ను అడగబోయే ప్రశ్న నాకు తెలుసు. బొమ్మలు అన్నం పెడతాయా? గనులు మూతబడిన నాడు వేల కుటుంబాలు ఆ ప్రశ్ననే మరో రూపంలో వేసుకొన్నాయి. నేటికీ తెల్లవారకముందే మారికుప్పం నుండి బెంగళూరు రైలెక్కే మన పిల్లలు దానికి జవాబే వెతుక్కొంటున్నారు. ఎం.ఎఫ్.ఏ. పట్టా ఉద్యోగపు హామీ పత్రమని నేను చెప్పను. కళాశాలలో అధ్యాపకులు కావడానికి అది అవసరం, పుస్తకాలు, యానిమేషను, మ్యూజియములు, వస్త్ర రూపకల్పన వంటి రంగాలకు దారి చూపుతుంది. అంతకు మించి నేను అబద్ధమాడలేను. చేరాలా వద్దా అన్నది ఇంట్లో కూర్చొని తేల్చుకోవలసిన విషయం. అయితే ఆ నిర్ణయం పిల్లల సామర్థ్యాన్ని బట్టి జరగాలి గాని, ఫోటో సరిగా రానందువల్ల జరగకూడదు.

పూర్వ విద్యార్థి సంఘం వారికి ఒక విన్నపం చేసి విరమిస్తాను. ఈ జూబిలీ గుర్తుగా బడికి ఒక మంచి స్కానరు, రెండు హార్డ్ డిస్కులు ఇప్పించండి. ఎనిమిదో తరగతి నుండి పిల్లల బొమ్మలను తేదీ వేసి దాచే పని డ్రాయింగు మాస్టారికి అప్పగించండి. ఏ పిల్ల పై చదువుకు పోతుందో మనకు ముందుగా తెలియదు. ఉత్తరపు వసారాలో నోటీసు బోర్డు పక్కన గోడ ఖాళీగానే ఉన్నది, దానికి తెల్లసున్నం వేయించి రెండు మేకులు కొట్టిస్తే చాలు. సాయంకాలం నాలుగు గంటల వరకు అక్కడ వెలుతురు బాగుంటుంది.