‘డ్రా’ చేయడమంటే ఏమిటి?

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఆర్. బకాయిల గురించీ, వైద్య ఖర్చుల గురించీ చెప్పవలసినవారు ఇప్పటికే చెప్పారు. నన్ను మాత్రం, “ఏదైనా కాస్త తేలికైన విషయం మాట్లాడండి” అని కార్యదర్శిగారు ఆదేశించారు. అందుకని ఒకే ఒక్క మాట గురించి మనవి చేస్తాను. అది ఇంగ్లీషు మాటే గాని, మన ఇళ్లల్లో చదువురాని ముసలమ్మ కూడా వాడే మాట. “ఒకటో తారీఖు, మీ తాతయ్య పెన్షను డ్రా చేసుకురావడానికి వెళ్లాడు” అంటుంది చూడండి, ఆ ‘డ్రా’. ట్రెజరీలో పనిచేసినవాణ్ణి కనుక నా చేత్తో ఈ మాట ఎన్ని వేలసార్లు రాశానో లెక్కలేదు.

‘డ్రా’కు నిఘంటువు తీస్తే అర్థాలు పేజీలకు పేజీలు ఉంటాయి. బెదిరిపోనక్కరలేదు. అసలు అర్థం ఒక్కటే: లాగడం. ‘డ్రాగ్’ అనే మాట దీనికి తోబుట్టువు. బండి లాగే ఎద్దును ‘డ్రాఫ్ట్ యానిమల్’ అంటారు. బావిలోంచి చేద లాగితే ‘డ్రా’. ఒరలోంచి కత్తి లాగితే ‘డ్రా’. కిటికీ తెర లాగితే ‘డ్రా’. సూదితో రక్తం లాగితే ‘డ్రా’. కాగితం మీద పెన్సిలును లాగితే గీత పడుతుంది, గీతలు కలిస్తే బొమ్మ అవుతుంది, అదీ ‘డ్రా’నే. మన పిల్లలు కూడా “ఇక్కణ్ణుంచి అక్కడికి ఒక గీత లాగు” అనరూ? వేడినీళ్లలో వేసిన తేయాకు సారం దిగడాన్ని కూడా ఇంగ్లీషువాళ్లు ‘డ్రా’ అనే అంటారు. విశాఖపట్నంవారికి తెలిసే ఉంటుంది, ఓడ నీటిలో ఎంత లోతు మునిగి ఉందో చెప్పే మాట ‘డ్రాఫ్ట్’. ఈ ఓడ ఇన్ని అడుగుల నీళ్లు ‘డ్రా’ చేస్తుంది అంటారు.

మన తెలుగు ఇందుకు భిన్నం. నీళ్లు తోడతాం, కత్తి దూస్తాం, బొమ్మ గీస్తాం, చీటీ తీస్తాం, బండి లాగుతాం. తెలంగాణ సోదరులైతే గుంజుతారు. ఇంగ్లీషువాడు ఒక్క క్రియతో సరిపెట్టుకున్నచోట మనకు పనికొక క్రియ ఉంది. సంస్కృతంలో మాత్రం ఇంగ్లీషుకు దగ్గరైన ఉదాహరణ కనిపిస్తుంది. ‘కృష్’ అనే ధాతువుకు లాగడం, దున్నడం అని అర్థాలు. నాగలి లాగేవాడు కర్షకుడు. మనసును లాగేది ఆకర్షణ. ఇంగ్లీషులో జనాన్ని ‘డ్రా’ చేయడమంటే ఆకర్షించడమే. ఎక్కడో పుట్టిన భాషలు, ఆలోచన మాత్రం ఒకే దారిలో నడిచింది.

ఇళ్లలో చూద్దాం. ముందు గదిని ‘డ్రాయింగ్ రూమ్’ అంటాం. అక్కడ బొమ్మలెవరూ వేయరు. అది మొదట ‘విత్‌డ్రాయింగ్ రూమ్’. పెద్ద హాలులోంచి కాస్త ఏకాంతంగా ఇవతలికి వచ్చి కూర్చునే గది. ముందున్న ‘విత్’ కాలక్రమేణా ఊడిపోయింది. బల్లకుండే సొరుగు ‘డ్రాయర్’, లాగుతాం కనుక. లోపల తొడుక్కునేది కూడా ‘డ్రాయర్’, కాళ్ల మీదుగా పైకి లాగుతాం కనుక. చెక్కు మీద సంతకం పెట్టినవాడు కూడా ‘డ్రాయరే’. ఈ మూడో ఆయన సంగతి తరువాత చెబుతాను.

మనవల కోసం ఆటల సంగతి ఒకటి చెప్పాలి. క్రికెట్‌లో ‘డ్రా’, ‘టై’ ఒకటే అనుకునేవారున్నారు. కాదు. టెస్టు మ్యాచ్‌లో గడువు అయిపోయినా ఫలితం తేలకపోతే ‘డ్రా’. ఆఖరి వికెట్టూ పడిపోయి ఇరుపక్షాల పరుగులు సరిసమానమైతే ‘టై’. డ్రాలు కొల్లలు. టెస్టుల్లో టై అయినవి రెండే రెండు. 1960లో బ్రిస్బేన్‌లో ఆస్ట్రేలియా, వెస్టిండీస్ ఆడినది ఒకటి. 1986లో మద్రాసులో మనవాళ్లు ఆస్ట్రేలియాతో ఆడినది రెండోది. రేడియోకు చెవులప్పగించి విన్నవారు ఈ సభలో ఉండే ఉంటారు.

ఇక ఆఫీసుకు వద్దాం. జీతాల బిల్లు మీద సంతకం చేసే అధికారిని ‘డ్రాయింగ్ అండ్ డిస్‌బర్సింగ్ ఆఫీసర్’ అంటాం. ఖజానా నుంచి సొమ్ము లాగి, సిబ్బందికి పంచేవాడని అర్థం. దానికి మన ఊళ్లలో, “డ్రాయింగ్ ఆఫీసరంటే బళ్లో డ్రాయింగు మాస్టారికి పై అధికారా?” అని అడిగినవాళ్లున్నారు. ఉత్తరాల్లో ఇంకో మర్యాద ఉండేది. కిందివాడు పై అధికారికి రాస్తే తమ దృష్టిని ‘ఇన్వైట్’ చేస్తున్నాను అని రాయాలి. పై అధికారి కిందివాడికి రాస్తే నీ దృష్టిని ‘డ్రా’ చేస్తున్నాను అంటాడు. పెద్దవారి దృష్టిని పిలవాలే గాని లాగకూడదన్నమాట! ఒక్క క్రియలో హోదా అంతా ఇమిడి ఉంది.

చెక్కు సంగతి చెబుతానన్నాను. 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం ప్రకారం చెక్కు రాసి సంతకం చేసినవాడు ‘డ్రాయర్’. సొమ్ము చెల్లించమని ఎవరికి ఆదేశం ఇచ్చాడో ఆ బ్యాంకు ‘డ్రాయీ’. ఖాతాలో డబ్బు లేక చెక్కు తిరిగివస్తే, 1989 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన 138వ సెక్షన్ కింద బాధ్యత డ్రాయరుదే. “సంతకం పెట్టి ఉంచు బాబాయ్, అంకె నేను వేసుకుంటాను” అని ఎంత దగ్గరివారు అడిగినా ఖాళీ చెక్కు ఇవ్వకండి. అంకె వేసినది వారైనా కోర్టులో ముందుగా నిలబడవలసిన డ్రాయరు మీరే.

ఇప్పుడు మన పెన్షను. ‘పే లాస్ట్ డ్రాన్’ అనే మాట మనందరికీ కంఠస్థం. ఆఖరున తీసుకున్న మూలవేతనం అది. చాలామందికి పెన్షను లెక్క దాని మీదే మొదలవుతుంది. దాని పక్కనే ఇంకొక మాట ఉంది, ‘డ్యూ’. పే రివిజన్ వచ్చినప్పుడు మనం ‘డ్యూ అండ్ డ్రాన్ స్టేట్‌మెంట్’ వేసేవాళ్లం. ఒక నిలువు గడిలో రావలసినది, పక్క గడిలో తీసుకున్నది, మూడో గడిలో తేడా. ఆ తేడాయే బకాయి. అనుభవం మీద చెబుతున్నాను, పెన్షనరు దగ్గర ఉండవలసిన విద్య అంతా ఈ మూడు గడుల్లోనే ఉంది. బ్యాంకులో పడింది గదా అని ఊరుకోకుండా, ఎంత పడవలసి ఉందో కూడా రాసుకోవాలి. డి.ఆర్. పెరిగినప్పుడల్లా ఇంట్లో ఒక నోటుపుస్తకంలో ఈ మూడు గడులూ గీసుకోండి.

‘డ్యూ’ వేరు, ‘డ్రాన్’ వేరు అనడానికి ఒక పెద్ద ఉదాహరణ చెబుతాను. ఏడాదంతా పనిచేసి, ఇంక్రిమెంటు పడవలసిన రోజుకు సరిగ్గా ఒక్కరోజు ముందు రిటైరైనవారి గతి ఏమిటి? ఇంక్రిమెంటు తేదీకి వారు ఉద్యోగంలో లేరు, ఆ జీతం ‘డ్రా’ చేయలేదు, కనుక రాదు అని ఏళ్ల తరబడి వాదించారు. చివరకు 2023 ఏప్రిల్ 11న సుప్రీంకోర్టు ఒక కర్ణాటక కేసులో, ఏడాది పని పూర్తిచేసినందుకు ఆ ఇంక్రిమెంటును ఆ ఉద్యోగి సంపాదించుకున్నట్టే అని తీర్పు చెప్పింది. తీసుకోకపోయినంత మాత్రాన సంపాదించినది సంపాదించనిది అయిపోదు.

‘డ్రా’కు ముందు ‘విత్’ చేరితే అర్థం తిరగబడుతుంది. ఈ ‘విత్’ మనకు తెలిసిన ‘తో’ కాదు. పాత ఇంగ్లీషులో దానికి ఎదురుగా, దూరంగా అనే అర్థాలుండేవి. అందుకే ‘విత్‌హోల్డ్’ అంటే ఇవ్వకుండా ఆపి ఉంచడం, ‘విత్‌డ్రా’ అంటే వెనక్కి లాగేసుకోవడం. మన 1980 నాటి రివైజ్డ్ పెన్షన్ రూల్సులో ఈ రెండు మాటలూ పక్కపక్కనే ఉన్నాయి. తీవ్రమైన దోషం రుజువైనప్పుడు ప్రభుత్వం పెన్షనును ఆపవచ్చు లేదా వెనక్కి తీసుకోవచ్చు. పూర్తిగా గాని, కొంత గాని. శాశ్వతంగా గాని, కొంతకాలం గాని. కాబట్టి అలాంటి ఉత్తరమేదైనా ఇంటికి వస్తే అందులో ఉన్న క్రియ ఏదో ముందు చూడండి. అలాగే మీ అర్జీ మీద ‘విత్‌డ్రా’ అని రాసి సంతకం పెట్టమని ఎవరైనా అడిగితే, ఆ కాగితం ఇంటికి తెచ్చుకుని, చదివించుకుని, అప్పుడు ఆలోచించండి. అది మీ అర్జీని మీ చేతులతోనే వెనక్కి లాగేసే మాట.

ఇక్కడ కూర్చున్న అమ్మలకూ, అక్కలకూ ఒక మాట. చెప్పడానికి కష్టమైనదే అయినా చెప్పాలి. పెన్షనరు పోయిన రోజు వరకు, ఆ రోజుతో సహా, పెన్షను ఆయనదే. ఆయన డ్రా చేయకుండా మిగిలిపోయినది ‘లైఫ్ టైమ్ ఎరియర్స్’ పేరుతో నామినీకి గాని వారసులకు గాని రావాలి. మర్నాటి నుంచి అర్హులైనవారికి ఫ్యామిలీ పెన్షను మొదలవుతుంది. ఆ తరువాత కూడా పొరపాటున ఆయన పెన్షనే ఖాతాలో పడుతుంటే, ఏటీఎం కార్డు ఉంది గదా అని డ్రా చేయకూడదు. అది ‘డ్రాన్’ గడిలోకి ఎక్కుతుంది గాని ‘డ్యూ’ గడిలో ఉండదు. తరువాత వసూలు చేస్తారు. దుఃఖంలో ఉన్న ఇంట్లో రికవరీ నోటీసు మరో దెబ్బ. అందుకే పెన్షన్ పేమెంట్ ఆర్డరు ఎక్కడుందో, అందులో ఎవరి పేరుందో ఈ రాత్రే ఇంటికి వెళ్లి చూపించమని పెన్షనర్లను కోరుతున్నాను.

చివరగా అసలు సంగతి. పెన్షను గురించి రెండు రకాల క్రియలున్నాయి. ‘గ్రాంట్’, ‘శాంక్షన్’ అనేవి ఇచ్చేవాడి క్రియలు. ‘డ్రా’ అనేది పుచ్చుకునేవాడి క్రియ. కాని దానం పుచ్చుకోవడాన్ని ఎవరూ ‘డ్రా’ అనరు. గుళ్లో ప్రసాదాన్ని డ్రా చేయం, బిచ్చాన్ని డ్రా చేయరు. తన బావిలో నీళ్లు తాను తోడుకున్నట్టు, తనదిగా ఉన్నదాన్ని తన చేత్తో లాగి తీసుకోవడం డ్రా చేయడం. ముప్పై ఏళ్లు తవ్విన బావి అది.

ఈ మాటకు న్యాయస్థానపు బలం కూడా ఉంది. 1979లో కేంద్ర ప్రభుత్వం పెన్షను లెక్కను మెరుగుపరచి, ఆ ఏడాది మార్చి 31కి ముందు రిటైరైనవారికి అది వర్తించదంది. రక్షణ శాఖ ఖాతాల్లో పనిచేసి రిటైరైన డి.ఎస్. నకారాగారు దానిమీద సుప్రీంకోర్టుకు వెళ్లారు. 1982 డిసెంబరు 17న అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ తేదీ గీతను కొట్టివేసింది. పెన్షను దయతో వేసే భిక్ష కాదు, చేసిన సేవకు దక్కే హక్కు అన్నది ఆ తీర్పు సారాంశం. మనం డిసెంబరు 17ను పెన్షనర్ల దినంగా జరుపుకునేది అందుకే.

కాబట్టి కౌంటరు దగ్గర నిలబడ్డప్పుడు మర్యాదగా నిలబడదాం, కాని ఒదిగిపోయి నిలబడవద్దు. అర్జీలో “దయచేసి ఇప్పించగలరు” అని రాస్తే తప్పులేదు. దాని కింద “నాకు రావలసినది ఇంత, తీసుకున్నది ఇంత, తేడా ఇంత” అని కూడా రాయండి. మొదటి వాక్యం మన సంస్కారం, రెండోది మన లెక్క.

ప్రసంగం ముగించడాన్ని కూడా ఇంగ్లీషులో ‘డ్రా టు ఎ క్లోజ్’ అంటారు. ఫలహారాలు వచ్చాయని కార్యదర్శిగారు సైగ చేస్తున్నారు గనుక, వాటికున్న ఆకర్షణ ముందు నా మాటలు నిలవవు.