ఏ మాట పక్కన ఏ మాట
(ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తి స్మారకోపన్యాసం)



భద్రిరాజు కృష్ణమూర్తి గారు 1928లో మన ఒంగోలులో పుట్టారు. ద్రావిడ భాషాశాస్త్రంలో ప్రపంచమెరిగిన పండితులు. అంతటివారు రైతుల నోటి మాటలు ఏరించి, 1962లో వ్యవసాయ పదకోశం వెలువరించారు. రైతు మాటకు శాస్త్రంలో పీట వేసిన ఆ పెద్దాయన స్మృతిలో, మన పిల్లలు మార్కులు పోగొట్టుకునే ఒక చోటు గురించి మాట్లాడతాను. ఇంగ్లీషు వాక్యంలో విశేషణం చోటు తప్పడం అది. జీమ్యాట్ 2023లో తెచ్చిన కొత్త పరీక్షలో వాక్య సవరణ ప్రశ్నలు తీసేశారు గానీ, బ్యాంకు, ఎస్ఎస్‌సీ పరీక్షలు రాసేవారికి వాటి బెడద తప్పలేదు. ఈ తప్పుకు మూలం చాలాసార్లు మన తెలుగు అలవాటులోనే ఉందని నా అభిప్రాయం.

"యార్డులో అడుగుపెట్టగానే మిర్చి ఘాటుకు తుమ్ములొచ్చాయి." గుంటూరులో ఎవరైనా అనే మాటే. అడుగుపెట్టింది మనిషి, వచ్చినవి తుమ్ములు. కర్తలు వేరైనా తెలుగుకు అభ్యంతరం లేదు, మనిషి పేరెత్తనక్కర్లేదు కూడా. దీన్నే మనవాడు ఇంగ్లీషులో ఇలా రాస్తాడు: "ఎంటరింగ్ ది యార్డ్, ది స్మెల్ ఆఫ్ చిల్లీస్ మేడ్ హిమ్ స్నీజ్." యార్డులోకి నడిచి వచ్చింది వాసన అయి కూర్చుంది! ఇలా మొదలైన ఇంగ్లీషు వాక్యంలో కామా దాటగానే వచ్చే నామవాచకమే ముందు చెప్పిన పనికి కర్త. "ఎంటరింగ్ ది యార్డ్, హి స్నీజ్డ్" అంటే సరిపోతుంది. లేదా "వెన్ హి ఎంటర్డ్ ది యార్డ్" అని ముందు భాగానికే కర్తనివ్వాలి.

పరీక్ష పెట్టేవాళ్లు ఇక్కడే ఉచ్చు బిగిస్తారు. "ఎంటరింగ్ ది యార్డ్, ది ఫార్మర్స్ ఐస్ బిగాన్ టు వాటర్." రైతు మాట కనపడగానే కుర్రవాడు దానికి టిక్కు పెట్టేస్తాడు. కానీ అక్కడున్నది రైతు కళ్లు, రైతు కాదు.

విభక్తి ప్రత్యయాలున్న భాష కాబట్టి తెలుగులో మాటలు కాస్త అటూ ఇటూ జరిగినా బంధుత్వం చెడదు. ఒక రైతు తేజ రకం మిర్చి అమ్మాడనుకోండి. "నిన్న తేజే అమ్మాడు", "నిన్నే తేజ అమ్మాడు": ఆ ఏత్వం ఏ మాటకు అంటుకుంటే దాన్నే పట్టుకుని ఉంటుంది. ఇంగ్లీషులో "ఓన్లీ"కి ఆ పట్టు లేదు. ఏ మాటను ఉద్దేశించామో దాని ముందే నిలబెట్టాలి.

అలాగని మనకు చిక్కులు లేవా? "తడిసిన మిర్చి బస్తాలు" అన్నారనుకోండి. తడిసింది కాయా, గోనెసంచా? కొనేవాడికి రెండూ ఒకటి కాదు. "హి సోల్డ్ ది కాటన్ టు ఎ ట్రేడర్ సోక్డ్ బై ది రెయిన్" అన్నదీ ఇలాంటిదే. తడిసింది పత్తి అయితే ఆ "సోక్డ్ బై ది రెయిన్" పోయి "కాటన్" పక్కన కూర్చోవాలి.

మరి పరీక్ష హాల్లో పట్టుకోవడమెలా? మన తెలుగువాడైన అన్నంభట్టు తర్కసంగ్రహంలో వాక్యార్థానికి ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి కావాలన్నాడు. వాటినే మూడు ప్రశ్నలుగా మార్చుకోండి. ఈ పదబంధం దేనికోసం ఎదురుచూస్తోంది? పక్కనున్న మాటకు ఆ పని చేసే యోగ్యత ఉందా? యోగ్యత ఉన్న మాట దూరంగా ఉండిపోయిందా? పైన చెప్పిన కళ్లు రెండో ప్రశ్న దగ్గరే దొరికిపోతాయి. ఆప్షన్లు చదవకముందే ఈ మూడూ అడిగితే, నాలుగింట్లో రెండు మూడు చూస్తూనే కొట్టేయవచ్చు.

అధ్యాపకులకు ఒక్క మనవి. ఇంగ్లీషు క్లాసులో తెలుగు వాక్యం ఎత్తడానికి మొహమాటపడకండి. రెండూ బోర్డు మీద పక్కపక్కన రాసి, కర్త ఎక్కడుందో పిల్లలచేతే వెతికించండి. ఏ తెలుగు అలవాటు తనను తప్పుదారి పట్టిస్తోందో తెలిసిన పిల్లవాడు, రూలు బట్టీపట్టినవాడి కంటే ముందే తప్పును పట్టుకుంటాడు.